హైస్కూల్లో టీచర్ల ల్యాప్‌టాప్‌లు: బీరువాలో మూలగకుండా ఏళ్ల తరబడి నడిపించడం ఎలా

బడికి ల్యాప్‌టాప్‌లు సమకూరడం ఈ రోజుల్లో అంత కష్టమేం కాదు. పూర్వ విద్యార్థులు కలిసి కొనిస్తారు, దాతలు ఇస్తారు, ప్రైవేటు బడి అయితే యాజమాన్యం కొంటుంది, ఒక్కోసారి ప్రభుత్వమే పంపుతుంది. రెండేళ్లు తిరిగేసరికి అవి ఎక్కడున్నాయో చూస్తే మాత్రం బాధేస్తుంది. కొన్ని హెచ్‌ఎం గది బీరువాలో అట్టపెట్టెల్లోనే ఉంటాయి. ఇంకొన్ని ఆఫీసు బల్ల మీదకు చేరి యూడైస్ (బడుల వివరాల ప్రభుత్వ డేటాబేస్) ఎంట్రీలకు పనికొస్తుంటాయి. పాఠం చెప్పే టీచరు చేతిలో ఉండేవి చాలా తక్కువ.

టీచర్లకు కంప్యూటర్ రాకపోవడమే దీనికి కారణమని చాలామంది అంటారు. నేను చూసినంతలో అది రెండో కారణం. మొదటిది భయం. కింద పడితే జీతంలోంచి రికవరీ పెడతారేమో, బదిలీ అయినప్పుడు నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న కాగితం) దగ్గర పేచీ వస్తుందేమో, క్లాసులో పిల్లల ముందు ఆన్ కాకపోతే పరువు పోతుందేమో. ఈ మూడింటికీ కాగితం మీద స్పష్టమైన జవాబు ఉన్న బడిలో ల్యాప్‌టాప్‌లు రోజూ తెరుచుకుంటాయి. అందుకే ఇక్కడ యంత్రాల సంగతి కొంత, ఆ భయం తీసేసే ఏర్పాట్ల సంగతి ఎక్కువ రాస్తున్నాను. ఆరు నుంచి పదో తరగతి దాకా, ఇరవై ముప్పై మంది టీచర్లతో, ప్రత్యేకంగా ఐటీ సిబ్బంది ఎవరూ లేకుండా నడిచే మామూలు హైస్కూలును దృష్టిలో పెట్టుకున్నాను. జడ్పీ బడి అయినా, ఎయిడెడ్ అయినా, ప్రైవేటు అయినా చాలా వరకు ఒకటే పద్ధతి.

1. ముందు పనుల జాబితా, తర్వాతే కొనుగోలు

కొటేషన్లు పిలవకముందే ప్రతి టీచరునీ ఒకటే అడగండి: ల్యాప్‌టాప్ ఇస్తే దానితో వచ్చే నెలలో చేసే మూడు పనులేంటి? తెలుగు మేడమ్ ప్రశ్నపత్రం అంటారు. లెక్కల సార్ జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో వృత్తాలు, స్పర్శరేఖలు చూపిస్తానంటారు. ఫిజిక్స్ సార్‌కు ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూపే సైన్సు ప్రయోగాలు కావాలి. అవి ఉచితం, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానూ నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. క్లాస్ టీచర్లకు మార్కుల పట్టిక. సోషల్‌కు మ్యాపులు. ఈ జాబితా చేతిలో ఉంటే ఏ యంత్రం కొనాలో, ఏం నేర్పాలో సగం తేలిపోతుంది.

డబ్బు అందరికీ సరిపోకపోతే చాలా బడులు ‘ఉమ్మడిగా వాడుకుందాం’ అని ఆరేడు కొని ఆఫీసులో పెడతాయి. దయచేసి ఆ పని చేయకండి. ఉమ్మడి సరుకుకు బాధ్యుడు ఉండడు, బాధ్యుడు లేని సరుకు బీరువాకే చేరుతుంది. ఉన్న ఆరేడింటినే పేరు పెట్టి ఆరేడుగురికి ఇవ్వండి, మిగతావారికి తర్వాతి విడతలో ఇవ్వండి. మొదటి విడతలో అడిగినవాళ్లకు ముందివ్వడం మంచిది, సీనియారిటీ లెక్క తర్వాత చూసుకోవచ్చు.

ఇరవై ల్యాప్‌టాప్‌లు కొంటే అందులో రెండు ఎవరికీ ఇవ్వకుండా స్పేర్‌గా ఉంచండి. ‘ఊరికే పడి ఉన్నాయి కదా’ అని ఎవరో ఒకరు వాటి మీద కన్నేస్తారు. ఇవ్వొద్దు. పథకం మొత్తాన్ని నిలబెట్టేవి ఆ రెండే. ఎలాగో రిపేర్ల దగ్గర చెబుతాను.

2. ఏ యంత్రం కొనాలి

అన్నీ ఒకే మోడల్ కొనండి. ఒకటి రెండు వేలు తక్కువకు వస్తోందని నాలుగు రకాలు కలిపితే నాలుగు రకాల ఛార్జర్లు, నాలుగు రకాల తలనొప్పులు. ఒకే మోడల్ అయితే ఒక ఛార్జర్ ఎవరికైనా సరిపోతుంది, ఒకరికి తెలిసిన చిట్కా అందరికీ పనికొస్తుంది, పాడైన దాని కీబోర్డు తీసి ఇంకోదానికి వేయొచ్చు.

8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కనీసం ఉండాలి. పాతకాలపు హార్డ్ డిస్క్ ఉన్నది ఎంత చవకైనా వద్దు. ఆన్ అవడానికి నాలుగు నిమిషాలు పట్టే సిస్టమ్‌ను 45 నిమిషాల పీరియడ్‌లో ఎవరూ వాడరు. హెచ్‌డీఎంఐ పోర్టు పూర్తి సైజుది ఉందో లేదో చూడండి, తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్‌కో (గోడకుండే పెద్ద టచ్ తెర) ప్రొజెక్టర్‌కో కలిపేది దానితోనే. పాత ప్రొజెక్టర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే కన్వర్టర్లు ఇప్పుడే కొనండి.

కొటేషన్‌లో 18 శాతం జీఎస్‌టీ కలిపి చెప్పారో లేదో అడగండి. వారంటీ మూడేళ్లు, ‘ఆన్‌సైట్’ అంటే మెకానిక్ బడికే వచ్చేది తీసుకోండి. సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలో ఉంటే, ఏడాది వారంటీ ల్యాప్‌టాప్‌ను బస్సులో మోసుకెళ్లడానికి టీచరుకు ఒక సెలవు పోతుంది. ప్రభుత్వ బడి అయితే కొనుగోలు జెమ్ పోర్టల్ (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్) ద్వారానా, ఇంకోలాగానా అన్నది పై ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

దాతలు పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఇస్తామంటే సంతోషమే, కానీ తీసుకునేముందు ప్రాసెసర్ ఏ తరానిదో అడగండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం లేక ఆ పైది కావాలి. అంతకంటే పాతవి వస్తే వాటిలో ఉబుంటు లాంటి ఉచిత లినక్స్ వేయండి. లినక్స్ అంటే భయపడక్కర్లేదు. కేరళలో ప్రభుత్వ విద్యావ్యవస్థకు చెందిన కైట్ సంస్థ 8 నుంచి 12 దాకా 45 వేల తరగతి గదులను హైటెక్‌గా మార్చింది, అక్కడి బడులు నడిచేది ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే. అక్కడి టీచర్లూ మనలాంటివాళ్లే.

ఆయుష్షు సంగతి: కంపెనీల చట్టం లెక్కల్లో ల్యాప్‌టాప్ జీవితకాలం 3 ఏళ్లు. జాగ్రత్తగా వాడే బడిలో 5 ఏళ్లు వస్తుంది, మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్చాలి. అన్నీ ఒకే ఏడాది కొంటే అన్నీ ఒకే ఏడాది మూలపడతాయి. వీలుంటే ఏటా ఐదో వంతు మార్చేలా బడ్జెట్ వేసుకోండి.

3. ఇన్‌ఛార్జ్‌గా ఇద్దరు

కంప్యూటర్ బాగా వచ్చిన కుర్ర టీచర్ ఒకరుంటారు, అన్నీ ఆయన నెత్తిన పడతాయి, ఏడాది తిరగ్గానే ఆయనకు బదిలీ వస్తుంది, పాస్‌వర్డ్‌లు ఆయనతోపాటు వెళ్లిపోతాయి. కాబట్టి ఇద్దరిని పెట్టండి. ఒకరికి సాంకేతికం, ఇంకొకరికి రిజిస్టర్. రెండోవారికి కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు, రాత పద్ధతిగా ఉంటే చాలు. ఇద్దరికీ హెచ్‌ఎం ఆఫీస్ ఆర్డర్ ఇవ్వాలి, టైమ్‌టేబుల్‌లో వారానికి రెండు పీరియడ్‌లైనా తగ్గించాలి. లీజర్ పీరియడ్‌లో సేవ చేయమంటే మొదటి నెల చేస్తారు, ఆ తర్వాత ఎవరైనా విసుగెత్తిపోతారు. వాళ్ల తప్పేం లేదు.

4. చేతికిచ్చే ముందు సిద్ధం చేయడం

ఒక్కో ల్యాప్‌టాప్‌కు గంటన్నర పడుతుంది. తొందరపడి పెట్టె తెరవకుండానే పంచేస్తే తర్వాత రెండేళ్లు అనుభవించాలి.

ముందు ఖాతాలు. టీచర్ సొంత జీమెయిల్‌తోనో, సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతోనో లాగిన్ చేయించకండి. ఇది చాలామందికి తెలియని చిక్కు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలా వాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా లోపలి ఫైళ్లు తెరుచుకోని తాళం) దానంతటదే ఆన్ అయిపోతుంది. దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. ఏడాది తర్వాత మదర్‌బోర్డు మార్చినా, ఏదైనా అప్‌డేట్ తేడా వచ్చినా, తెర మీద నీలంగా ‘రికవరీ కీ ఇవ్వండి’ అని వస్తుంది. అప్పటికి ఆ టీచర్ వేరే మండలానికి బదిలీ అయి ఉంటారు, ఆ ఖాతా పాస్‌వర్డ్ ఆయనకే గుర్తుండదు. లోపల ఉన్న మార్కులు, ప్రశ్నపత్రాలు అన్నీ పోయినట్టే. కాబట్టి బడి పేరుతో ఖాతాలు చేయండి. గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్‌లో ఫండమెంటల్స్ రకం, మైక్రోసాఫ్ట్ 365లో ఏ1 రకం అర్హత ఉన్న బడులకు ఉచితమే. రెండిట్లో ఒకదాన్ని ఎంచుకుంటే చాలు. రికవరీ కీలన్నీ ప్రింట్ తీసి, సీలు వేసిన కవర్లో హెచ్‌ఎం బీరువాలో పెట్టండి. బీరువాలో ఉండాల్సింది ఆ కవరే.

ఒక్కో ల్యాప్‌టాప్‌లో రెండు లాగిన్‌లు ఉండాలి: ఇన్‌ఛార్జ్ దగ్గర అడ్మిన్, టీచర్‌కు మామూలు యూజర్. దీనివల్ల తెలియక ఏదో నొక్కితే సిస్టమ్ పాడవుతుందన్న బెంగ సగం పోతుంది. ప్రింటర్ కలుపుకోవడం, వైఫై మార్చుకోవడం టీచరే చేసుకోగలగాలి, అది ఇచ్చే ముందే పరీక్షించి చూడండి. యాంటీవైరస్ విడిగా కొనక్కర్లేదు, విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. బజారులో ఎవరో వేసిచ్చే క్రాక్ చేసిన ఆఫీస్ మాత్రం వద్దే వద్దు. వైరస్‌లు ఎక్కువగా వచ్చే దారుల్లో అదొకటి. లైసెన్సు లేకపోతే ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ ఉంది.

అంటించే లేబుల్ మీద టీచర్ పేరు రాయకండి, నంబర్ రాయండి. టీచర్లు మారతారు, నంబర్ మారదు. ఛార్జర్ ఇటుక (మధ్యలో ఉండే నల్ల డబ్బా) మీద కూడా అదే నంబర్ ఉండాలి. స్టాఫ్‌రూమ్‌లో జరిగే తగాదాల్లో సగం ఛార్జర్లు తారుమారు కావడం వల్లే.

5. తెలుగు టైపింగ్ తేలకపోతే ఏదీ తేలదు

ఏ శిక్షణ పుస్తకంలోనూ దీనికి సరైన చోటు ఇవ్వరు. మన బడుల్లో మాత్రం అన్నిటికంటే ముందు ఆగిపోయేది ఇక్కడే.

తెలుగు పండిట్ గారి పెన్‌డ్రైవ్‌లో పదేళ్ల ప్రశ్నపత్రాలు ఉంటాయి, అన్నీ అను ఫాంట్‌లో. కొత్త ల్యాప్‌టాప్‌లో ఫైల్ తెరవగానే ‘కింది పద్యానికి ప్రతిపదార్థం రాయండి’ ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో కామాలు కనిపిస్తాయి. ఆయన మూత వేసేసి, మళ్లీ డీటీపీ సెంటర్‌కే వెళ్తారు. ల్యాప్‌టాప్ పాడైందనే అనుకుంటారు. అది పాడవలేదు. అను పాత పద్ధతి, ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లోనే అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో కొట్టింది ఫోన్‌లోనూ, ల్యాప్‌టాప్‌లోనూ, మెయిల్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది.

చేయాల్సింది ఇది. పాతవాటిలో ఈ ఏడాది పనికొచ్చేవి మాత్రమే ఏరి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. మార్చాక ఒత్తులు, సంయుక్తాక్షరాలు తప్పకుండా చదివి సరిచూడాలి, అక్కడే తేడాలు వస్తాయి. మొత్తం పదేళ్ల సరుకూ మార్చాలని కూర్చుంటే విసుగొచ్చి వదిలేస్తారు.

ఇక ముందు కొట్టేదంతా యూనికోడ్‌లోనే. విండోస్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, కీబోర్డుల్లో ‘తెలుగు ఫొనెటిక్’ పెట్టండి. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిష్ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ వస్తుంది. ఏళ్లుగా డీటీపీలో వాడే ‘యాపిల్’ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ మీద చెయ్యి తిరిగినవాళ్లు ఉంటే వాళ్లను మార్చమని బలవంతం చేయకండి, ఆ లేఅవుట్‌లోనే యూనికోడ్ ఇచ్చే సాధనాలు ఉన్నాయి. టైపింగే రాదన్నవాళ్లకు గూగుల్ డాక్స్‌లో మాటలతో తెలుగు రాయించుకునే సదుపాయం చూపించండి. క్రోమ్‌లో తెరిచి, మైక్ నొక్కి, నెమ్మదిగా చదివితే చాలు. పద్యాలకు కాస్త తడబడుతుంది, వచనానికి బాగా పనికొస్తుంది.

విండోస్‌తో వచ్చే నిర్మలా ఫాంట్ ఒక్కటే ఉంటే ప్రశ్నపత్రం చూడ్డానికి బాగాలేదంటారు, నిజమే. మండలి, సురవరం, రామభద్ర, గిడుగు లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. మీకు నచ్చిన నాలుగైదు అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ముందే వేసి ఇవ్వండి. జిరాక్స్ సెంటర్‌కు పంపేటప్పుడు వర్డ్ ఫైల్ పంపకుండా పీడీఎఫ్ చేసి పంపాలి, అప్పుడు వాళ్ల సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోయినా అక్షరం చెదరదు. లెక్కల సార్లకు వర్గమూలాలు, భిన్నాలు కొట్టడం ఇలాంటి అడ్డంకే. వర్డ్‌లో ఆల్ట్, ఈక్వల్ టు కీలు కలిపి నొక్కితే సమీకరణాల పెట్టె తెరుచుకుంటుంది. ఈ ఒక్కటి తెలిసిన రోజు చేతిరాత ప్రశ్నపత్రం మానేసిన లెక్కల మాస్టార్లను చూశాను.

6. రసీదు, రికవరీ: కాగితం మీద రాయాల్సింది

స్టాక్ రిజిస్టర్‌లో ఒక్కో ల్యాప్‌టాప్‌కు ఒక పేజీ కేటాయించండి. నంబర్, కంపెనీ సీరియల్ నంబర్, కొన్న తేదీ, బిల్లు నంబర్, వారంటీ ముగిసే తేదీ, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎంత, ఛార్జర్, బ్యాగ్, ఎవరికి ఏ తేదీన ఇచ్చారు, సంతకం. కింద రిపేర్ల చరిత్రకు చోటు వదలండి.

టీచర్ ఇచ్చే రసీదు ఇలా ఉండొచ్చు:

‘ఈ ల్యాప్‌టాప్ పాఠశాల ఆస్తి. బోధన పనికి నాకు అప్పగించారు. ఇంటికి తీసుకెళ్లవచ్చు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు, బడి పనిలో జరిగే ప్రమాదానికి నా జీతం నుంచి వసూలు ఉండదు. పోయినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా 24 గంటల్లో హెచ్‌ఎంకు తెలియజేసి పోలీసు ఫిర్యాదుకు సహకరిస్తాను. పిల్లల వివరాలున్న ఫైళ్లను బయటివారికి ఇవ్వను. బదిలీ లేదా పదవీ విరమణ సమయంలో ఛార్జర్‌తో సహా అప్పగిస్తాను.’

అందులో మూడు, నాలుగో వాక్యాలు మిగతా అన్నిటికంటే ముఖ్యం. అవి లేని రసీదు మీద సంతకం పెట్టమంటే టీచర్ పెడతారు, ల్యాప్‌టాప్‌ను మాత్రం బయటికి తీయరు. ప్రభుత్వ బడిలో ఈ మాట హెచ్‌ఎం ఒక్కరే రాసిచ్చేయలేరు. పంపిణీ ఉత్తర్వుల్లో ఏముందో చూసి, లేకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుల నుంచి స్పష్టత అడగాలి. అడిగిన ఉత్తరం నకలు ఫైల్లో ఉండటం కూడా టీచర్లకు ధైర్యమే.

ప్రమాదాలకు డబ్బు ఎక్కడిది అంటే, ముందే చిన్న మరమ్మతు నిధి పెట్టుకోవాలి. సమగ్ర శిక్ష నిబంధనల్లో 250 నుంచి 1000 మంది పిల్లలున్న బడికి కాంపోజిట్ గ్రాంట్ (బడి రోజువారీ ఖర్చులకు ఇచ్చే డబ్బు) ఏడాదికి 75 వేల దాకా ఉంటుంది. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ అందులోంచే చూసుకోవాలి కాబట్టి ల్యాప్‌టాప్‌లకు మిగిలేది కొద్దిగానే. ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానంతో కొంత పక్కన పెట్టి, మిగతాది దాతలను అడగండి. ‘కొత్త ల్యాప్‌టాప్ ఇవ్వండి’ అనే బదులు ‘రెండు బ్యాటరీలు ఇవ్వండి’ అని అడిగితే పూర్వ విద్యార్థులు ఇట్టే ముందుకొస్తారు. ఒకే వ్యక్తి చేతిలో మళ్లీ మళ్లీ పగులుతుంటే దాన్ని వేరుగా చూడాలి. హెచ్‌ఎం, ఇన్‌ఛార్జ్, ఒక సీనియర్ టీచర్ కలిసి కూర్చుని మాట్లాడాలి. అందరి ముందు స్టాఫ్ మీటింగ్‌లో ఎత్తి చూపకండి. ఒక్కరి మీద పడిన నింద చూసి పదిమంది ల్యాప్‌టాప్‌లు వెనక్కి ఇచ్చేస్తారు.

ఇన్సూరెన్స్ తీసుకునేట్టయితే దొంగతనం నిబంధన చదవండి. తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తేనే చెల్లిస్తాం, బస్సులో పోతే చెల్లించం అనే పాలసీలు ఉంటాయి.

7. నేర్పడం

రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి పద్దెనిమిది విషయాలు చెబితే మూడో రోజుకు ఏదీ గుర్తుండదు. వారానికి ఒక్కరోజు, సాయంత్రం నలభై నిమిషాలు, ఒకే ఒక్క పని. అది కూడా ఆ వారం ఎలాగూ చేయాల్సిన పనే అయి ఉండాలి. ఎఫ్‌ఏ (మధ్యమధ్య పెట్టే చిన్న) పరీక్షలు ముగిసిన వారం మార్కుల పట్టిక. ఎస్‌ఏ (టర్మ్ చివరి పెద్ద పరీక్ష) ముందు వారం ప్రశ్నపత్రం. ల్యాప్‌టాప్‌ను ప్యానెల్‌కు కలపడం మాత్రం మొదటి వారమే, అదీ స్టాఫ్‌రూమ్‌లో కాకుండా ఖాళీ తరగతి గదిలో, ఒక్కొక్కరూ తమ చేత్తో కలిపి చూడాలి. పిల్లల ముందు పరువు పోతుందన్న భయం పోయేది అక్కడే. పవర్‌పాయింట్ చివరికి వదిలేయండి.

నేర్పేవాళ్లకు ఒక్కటే నియమం: మౌస్ లాక్కోవద్దు. ‘మీకు తెలీదు, ఇటివ్వండి సార్’ అని చకచకా నాలుగు క్లిక్‌లు చేసేస్తే పని అవుతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. ‘మాస్టారూ, మీరే నొక్కండి, నేను పక్కనుంచి చెబుతా’ అనాలి. రిటైర్మెంట్‌కు మూడేళ్లున్న మాస్టారు కూడా అలా అంటే నేర్చుకుంటారు.

8. కరెంటు, బ్యాటరీ, పెన్‌డ్రైవ్

ల్యాప్‌టాప్‌లు చాలా వరకు ఛార్జర్ మెడ దగ్గరే చస్తాయి. వైరును ఇటుక చుట్టూ గట్టిగా చుట్టి బ్యాగులో కుక్కితే ఇటుక లోంచి వైరు బయటికొచ్చే చోట, మొదటి రెండంగుళాల్లో లోపలి తీగలు తెగుతాయి. కదిపితే ఛార్జ్ ఎక్కుతుంది, వదిలితే ఆగుతుంది. వదులుగా, పెద్ద గుండ్రంగా చుట్టమని ఇచ్చే రోజే చేసి చూపించండి.

వోల్టేజీ హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్ కొనక్కర్లేదు. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటుంది, ఆ మధ్యలో ఎంతున్నా అది సర్దుకుంటుంది. పిడుగులు పడేటప్పుడు మాత్రం ప్లగ్ పీకేయాలి. స్టాఫ్‌రూమ్‌లో ఒకే జంక్షన్ బాక్స్‌కు పది తగిలించారని కంగారు పడతారు కానీ, 65 వాట్లవి పది కలిపినా 650 వాట్లే, ఒక ఇస్త్రీపెట్టె అంత కూడా లేదు. అసలు ప్రమాదం వదులు సాకెట్లు, ఎర్త్ లేని లైన్లు, ఒక బాక్స్‌కు ఇంకో బాక్స్ తగిలించడం. ల్యాప్‌టాప్ లోహపు భాగం ముట్టుకుంటే జిమ్మంటోందంటే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి.

రోజంతా ప్లగ్‌లోనే ఉంచేవాళ్లకు కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే అమరిక పెట్టండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బినట్టు. వెంటనే ఆపేయాలి, ఛార్జ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు, నేరుగా సర్వీస్‌కే.

పెన్‌డ్రైవ్‌ల మీద గట్టిగా ఉండండి. నెట్ సెంటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్ తెచ్చి ఒక ల్యాప్‌టాప్‌కు పెడితే, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారే వైరస్ వారంలో స్టాఫ్‌రూమ్ మొత్తానికి పాకుతుంది. ప్రింట్ కావాలంటే పీడీఎఫ్ మెయిల్ చేయడమే మేలు. తప్పనిసరైతే బయటి పనికి వేరే పెన్‌డ్రైవ్ ఉంచి, పెట్టగానే స్కాన్ చేయాలి.

9. పిల్లల వివరాలు

మనం పెద్దగా పట్టించుకోని విషయం. క్లాస్ టీచర్ ల్యాప్‌టాప్‌లో నలభై మంది పిల్లల ఆధార్ నంబర్లు, కులం, తల్లుల బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు ఒకే ఎక్సెల్‌లో ఉంటాయి. స్కాలర్‌షిప్‌లకు, తల్లికి వందనం లాంటి పథకాలకు అవి కావాల్సిందే. అదే ఫైల్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటుంది. ఆ తల్లి మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు ప్రత్యేక రక్షణ పెట్టింది.

కాబట్టి: అలాంటి ఫైళ్లు బడి ఖాతా డ్రైవ్‌లోనే, అవసరమైన ఇద్దరు ముగ్గురికే కనిపించేలా ఉండాలి. వాట్సాప్‌లో పంపొద్దు. పని అయ్యాక డెస్క్‌టాప్ మీది కాపీ తీసేయాలి. స్క్రీన్ ఐదు నిమిషాలకు లాక్ అవ్వాలి. పిల్లలకు టీచర్ లాగిన్ ఇవ్వకూడదు, ఎంత తెలివైన లీడర్ అయినా సరే. ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. మోసపు లింకు నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని స్టాఫ్‌రూమ్ గోడ మీద రాసి ఉంచండి.

ఫైళ్ల నకళ్లు కూడా ఇక్కడే చెప్పాలి. ‘డాక్యుమెంట్స్’ ఫోల్డర్ బడి డ్రైవ్‌కు దానంతటదే చేరేలా పెట్టి, ప్రతి ఎస్‌ఏ తర్వాత ఇన్‌ఛార్జ్ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి తీసి బీరువాలో పెడితే సరిపోతుంది.

10. రిపేర్ల రోజు

స్టాఫ్‌రూమ్‌లో ఒక నోట్‌బుక్ వేలాడదీయండి. తేదీ, ల్యాప్‌టాప్ నంబర్, ఏమైంది, ఎవరు చూశారు, ఎప్పుడు తేలింది. ఆన్‌లైన్ ఫారాలు వద్దు, సిస్టమ్ ఆన్ కానివాళ్లు ఫారం ఎలా నింపుతారు?

ఆన్ కాకపోతే ఛార్జర్ పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ ఛార్జర్ పెట్టి చూడండి. చాలాసార్లు దాంతోనే లేస్తుంది. తర్వాత ఇంకో ఛార్జర్‌తో ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే ఆ రోజే స్పేర్ ల్యాప్‌టాప్ టీచర్ చేతిలో పెట్టాలి. ఆ రెండింటి అవసరం ఇదే. ఫైళ్లు డ్రైవ్‌లో ఉంటాయి కాబట్టి బడి ఖాతాతో లాగిన్ అయితే పదో నిమిషానికి పని మొదలవుతుంది. రిపేరుకు వెళ్లిన సరుకు వచ్చేదాకా మూడు వారాలు ఖాళీగా కూర్చున్న టీచర్ మళ్లీ పాత అలవాటుకే వెళ్లిపోతారు, తిరిగి రప్పించడం చాలా కష్టం.

వారంటీ అయిపోయి బయట షాపులో ఇవ్వాల్సి వస్తే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎంతున్నాయో తెర మీద చూపించి, సీరియల్ నంబర్‌తో సహా జాబ్ షీట్ మీద రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే ఆన్ చేసి చూసుకోండి. పాస్‌వర్డ్ చెప్పి రావొద్దు.

11. బదిలీ, పదవీ విరమణ

రిలీవింగ్ ఆర్డర్ వచ్చిన రోజు హడావిడిలో ఇది చేయకూడదు. బదిలీల కౌన్సెలింగ్ మొదలవగానే జాబితా చూసి ముందే చెప్పండి: సొంత ఫొటోలు, పాఠాల ఫైళ్లు తీసుకోవడానికి వారం టైమ్. అప్పగించే రోజు రిజిస్టర్ పేజీ ముందు పెట్టుకుని ఇద్దరూ చూడాలి, అక్కడికక్కడే ఇద్దరి సంతకాలు. గీతలు, అరిగిన కీలు చూసి ఎల్‌పీసీ (చివరి జీతం ధ్రువపత్రం) ఆపడం అన్యాయం. నాలుగేళ్లు వాడిన వస్తువు నాలుగేళ్లు వాడినట్టే ఉంటుంది. ఇది మిగతా స్టాఫ్ అంతా గమనిస్తారు. వెళ్లిన టీచర్ ఖాతాను వెంటనే తీసేయకుండా నెల రోజులు ఉంచి ఆపేయండి. ఆయన చేసిన ప్రశ్నపత్రాలు, పాఠ్య సామగ్రి ఆయన ఒప్పుకుంటే బడి డ్రైవ్‌లో సబ్జెక్టు ఫోల్డర్‌లో ఉంచితే కొత్తగా వచ్చేవాళ్లకు ఎంతో మేలు. ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేసి, కొత్త టీచర్ చేరిన వారంలోనే చేతికివ్వాలి.

12. వేసవి సెలవులు

ఏప్రిల్ చివరి నుంచి జూన్ 12 దాకా ఏడు వారాలు. ఇంటికి తీసుకెళ్తామన్నవాళ్లను తీసుకెళ్లనివ్వండి, సెలవుల్లోనే ధైర్యంగా నేర్చుకుంటారు. బడిలో ఉంచేవాటిని సగం ఛార్జ్‌తో, పూర్తిగా షట్‌డౌన్ చేసి ఉంచాలి. నిండా ఎక్కించి 44 డిగ్రీల ఎండకు రేకుల గదిలో పెడితే బ్యాటరీ త్వరగా పోతుంది, పూర్తిగా దిగిపోయినా పోతుంది. ఇనుప బీరువాలో, కింది అర వదిలేసి పెట్టండి. ఎలుకలకు వైర్లంటే మహా ఇష్టం.

ఏటా ఒకసారి భౌతిక తనిఖీకి ఇదే సరైన సమయం. రిజిస్టర్ పట్టుకుని ఒక్కోటీ చూడండి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg /batteryreport) కమాండ్‌తో వచ్చే బ్యాటరీ రిపోర్టులో కొత్తప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. సగానికి పడిపోయినవాటి నంబర్లు రాసుకుని, జూన్‌లోపు బ్యాటరీలు తెప్పించండి.

13. ఇక నడవని వాటిని పంపేయడం

చచ్చిపోయినవి మూలన పేర్చి ఉంచడం వల్ల ఏ లాభమూ లేదు. ముందు పనికొచ్చే ర్యామ్, ఛార్జర్, కీబోర్డు తీసి దాచుకోండి. ఎస్‌ఎస్‌డీని పూర్తిగా తుడిచేయండి, తుడవడం కుదరని స్థితిలో ఉంటే చిప్పులు ముక్కలయ్యేలా పగలగొట్టండి. ప్రభుత్వ బడిలో అయితే కండెమ్ చేయడానికి (ఇక పనికిరావని తేల్చి తీసేయడానికి) పై అధికారుల అనుమతి, కమిటీ సంతకాలు కావాలి. అది నెలలు పడుతుంది కాబట్టి దరఖాస్తు ముందే పెట్టాలి. పాత ఇనుప సామాన్ల బండికి మాత్రం వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు నమోదైన రీసైక్లర్‌ల గుండా పోయే దారిని చెబుతున్నాయి. ఆ రీసైక్లర్ ఇచ్చే రసీదును ఫైల్లో పెట్టి, స్టాక్ రిజిస్టర్‌లో ఆ నంబర్ పేజీ మీద తేదీ వేసి గీత కొట్టి, హెచ్‌ఎం సంతకం తీసుకోండి. కొత్తది వస్తే దానికి పాత నంబర్ ఇవ్వకుండా తర్వాతి నంబర్‌తో కొత్త పేజీ తెరవండి.